ఆ పెళ్లికూతురు అమృతే, రాసిపెట్టుకోండి!

నమస్కారం అండీ, సూటిగా విషయానికొచ్చేస్తా. పోయిన వీడియోలో చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ మీద మన నైజాం గడ్డకి సగం హక్కుంది అన్నానని కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు. బుడాపెస్ట్‌లో పుట్టి, పారిస్‌లో చదివి, లాహోర్‌లో 28 ఏళ్లకే చనిపోయిన ఆవిడకీ హైదరాబాద్‌కీ ఏంటన్నా సంబంధం అని. సరే, ఇవాళ ఇంకో మెట్టు ఎక్కి చెప్తున్నా. 1937లో ఆవిడ వేసిన 'బ్రైడ్స్ టాయిలెట్', అంటే పెళ్లికూతురి సింగారం బొమ్మ ఉంది చూడండి, అందులో పెళ్లికూతురు సాక్షాత్తూ అమృతే! పండితులు ఒప్పుకోకపోతే పోనీ, నేను మాత్రం ఇదే అంటా.

ఈ బొమ్మ సంగతి అజంతా గుహల దగ్గర మొదలవుతుంది. అజంతా అనగానే అందరూ మహారాష్ట్ర అంటారు. అప్పట్లో ఔరంగాబాద్ ఎవరిది? నిజాంది. ఆ గుహల బాగోగులు చూసింది ఇక్కడ 1914లో పెట్టిన పురావస్తు శాఖ, దాన్ని నడిపింది గులాం యజ్దానీ. 1920ల మొదట్లో నిజాం సర్కారు ఖర్చుతో ఇటలీ నుంచి నిపుణుల్ని రప్పించి, పెచ్చులూడుతున్న బొమ్మల్ని గోడకి నిలబెట్టారు. వాళ్లు పైన పూసిన వార్నిష్ తర్వాత పసుపు తిరిగి ఇంకో తలనొప్పి తెచ్చింది, దాని మీద విడిగా ఓ వీడియో చేయాలి. ఏదేమైనా 1936లో అమృత వెళ్లేసరికి అక్కడ కళ్లారా చూడ్డానికి బొమ్మలు మిగిలాయంటే ఆ పుణ్యం ఎవరి ఖాతాలో రాస్తారో మీరే చెప్పండి.

ఇప్పుడు 17వ గుహ. అద్దం చేతిలో పట్టుకుని సింగారించుకుంటున్న రాకుమారి, పక్కన చెలికత్తెలు. దాని పక్కనే అమృత బొమ్మ స్క్రీన్ మీద వేస్తున్నా, ఆపి చూడండి. మధ్యలో కూర్చున్న పెళ్లికూతురు, ఎర్రగా పండిన అరచేతులు, వెనక జడ వేస్తున్న ఆడమనిషి. చుట్టూ ఉన్నవాళ్లది నలుపో చామనఛాయో, ఈ ఒక్క పిల్ల మాత్రం తెల్లగా. అమృత తల్లి హంగేరీ ఆవిడ, తండ్రి పంజాబీ సిక్కు. దక్షిణాదిలో పల్లె ఆడవాళ్ల మధ్య నిలబడితే ఆవిడ ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోండి, అచ్చం ఇలాగే కదా!

తనని తాను వేసుకోవడం ఆవిడకి కొత్తా ఏమన్నా? 1934లో పసిఫిక్ సముద్రంలోని తాహితీ దీవి స్త్రీలా వేసుకున్న బొమ్మ చూడండి, నడుం పైన బట్ట లేదు, చేతులు ముందు కట్టుకుని, వెనక ఓ మగాడి నీడ. తండ్రి ఉమ్రావ్ సింగ్ అయితే ఆ రోజుల్లోనే కెమెరా పెట్టుకుని తన ఫోటోలు తనే తీసుకున్న మనిషి. సెల్ఫీల పిచ్చి ఇంట్లోనే ఉంది మరి. అలాంటిది అజంతా చూసొచ్చాక అద్దం పక్కన పడేసిందంటే నేను నమ్మను. అద్దం మార్చింది, అంతే. ముందు పారిస్ అద్దం, తర్వాత మన నిజాం గుహలో రాకుమారి చేతిలోది.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. అజంతా వెళ్లిన ఆ ప్రయాణంలోనే అమృత హైదరాబాద్ వచ్చి బొమ్మలు చూపిస్తే నవాబు సాలార్‌జంగ్ తిప్పి పంపేశాడు. ఎవరు? ప్రపంచంలో దొరికిన గడియారాలూ, పింగాణీ గిన్నెలూ, దంతపు కుర్చీలూ దేన్నీ వదలకుండా కొన్న మహానుభావుడు! మైసూరు మహారాజు కూడా ఈవిడని కాదని రవివర్మ బొమ్మలు తీసుకున్నాడు లెండి, కానీ మైసూరు గొడవ మైసూరు వాళ్లు చూసుకుంటారు. 1976లో ప్రభుత్వం ఈవిడ బొమ్మల్ని జాతీయ సంపదగా ప్రకటించింది, దేశం దాటించడానికి వీల్లేదు. 2023లో 'ది స్టోరీ టెల్లర్' వేలంలో 61.8 కోట్లు పలికింది. అది కూడా 1937లో వేసిందే, అంటే అజంతా తర్వాతే! మనం మాత్రం సాలార్‌జంగ్ మ్యూజియంలో టికెట్ కొనుక్కుని ముసుగు రెబెక్కా శిల్పం ముందు నిలబడి పాలరాయి ఎంత పల్చగా చెక్కాడో అని మురిసిపోతాం. బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ గోడల మీద ఒక్క అమృత ఉంటే!

అజంతా దాకా వెళ్లలేనివాళ్లకి ఆ బొమ్మల నకళ్లు మన నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్నాయి. ఫోన్‌లో పెళ్లికూతురు బొమ్మ తెరిచి పక్కన పెట్టి చూడండి. ఆవిడ కాదు అనేవాళ్లు కారణం చెప్పి మరీ కామెంట్ పెట్టండి, వచ్చే వీడియోలో చదువుతా, వట్టి తిట్లయితే చదవను.