విరిగిన బండ ఎవరి లెక్క?

యాంకర్: నమస్తే. ఈ వారం మనతో బేతంచెర్లలో నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతున్న అన్న ఉన్నారు. అన్నా, వ్యాపారం ఒకరు నేర్పిస్తే వస్తుందా?

అన్న: రాయి మాకు ఒకరు నేర్పక్కర్లేదమ్మా. గనిలో చూడగానే పొర ఎట్లా లేస్తుందో చెప్తాం. రానిది లెక్కే. రాయి ధర, కరెంటు, కూలీ రాసుకునేవాణ్ని. మరి కట్టింగ్‌లో విరిగిన బండ? వంద అడుగుల రాయి కొంటే తొంభై అడుగులే అమ్ముడుపోయాయి అనుకోండి. పోయిన పది అడుగుల ఖర్చు ఆ తొంభై మీద పడాలి కదా! నేను వందతో భాగించి రేటు చెప్పేవాణ్ని. లోడు పోయిన ప్రతిసారీ చేతినుంచే పడేది.

యాంకర్: మీరు వెళ్ళిన వ్యాపార ట్రైనింగ్‌లో ఇది తెలిసిందా?

అన్న: క్లాసులో టిఫిన్ సెంటర్ లెక్క చెప్పారమ్మా. బుర్రకెక్కలేదు. తర్వాత ఒక సారు ఫ్యాక్టరీకే వచ్చి, వారం రోజులు విరిగిన ముక్కలన్నీ కుప్ప పోయించి కొలిపించారు. ఆ కుప్ప చూశాక నిద్ర పట్టలేదు.

యాంకర్: 1964లో అమెరికా మానసిక శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ మన కాకినాడ చిన్న వ్యాపారులకు శిక్షణ ఇప్పించారు. హైదరాబాద్‌లో ఇప్పుడు ని-ఎంఎస్ఎంఈ అంటున్న చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థే దానికి వేదిక. నేర్చుకున్నవాళ్ళు తర్వాత కొత్త పెట్టుబడులు పెట్టారు, ఎక్కువమందికి పని ఇచ్చారు.

అన్న: ఏం నేర్పారంట?

యాంకర్: ముఖ్యంగా సాధించాలన్న పట్టుదల. లక్ష్యం పెట్టుకోవడం, రిస్క్ తూచుకోవడం.

అన్న: మంచిదే. కానీ మా దగ్గర ధైర్యానికి కొదవ లేదమ్మా. ధైర్యంగా అరువిచ్చి మునిగినోళ్ళు మా వీధిలోనే ఉన్నారు. సరుకు దిగాక డబ్బులు ఆరు నెలలైనా రావు. అడగాలంటే మొహమాటం, మళ్ళీ ఆర్డర్ ఇవ్వడేమోనని టెన్షన్.

యాంకర్: దానికి చట్టం ఉంది కదా?

అన్న: ఉందని ఆ సారు చెప్పేదాకా తెలీదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే ప్రభుత్వం దగ్గర చిన్న పరిశ్రమగా నమోదు, ఉన్న ఫ్యాక్టరీకి, రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కొన్నవాడు డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇప్పుడు బిల్లు మీదే ఆ ఉద్యమ్ నంబరు, గడువు అచ్చు వేయించా. నేను నోరు తెరిచి అడగక్కర్లేదు, కాగితమే అడుగుతుంది.

యాంకర్: సారు ఇంకా వస్తున్నారా?

అన్న: ఫోన్ చేస్తే ఎత్తుతారు, నాకు అదే పెద్ద సాయం. ఈసారి పాలిష్ బురద సంగతి చూద్దామన్నారు. ఎక్కడ పోయాలో తెలీక ఫ్యాక్టరీ వెనక గుట్టయింది.