బెల్టు పరీక్షలూ, రెండో రివ్యూయరూ

అక్క: ఎర్ర లైటు వెలిగింది. నమస్కారమండీ, బ్రాడీపేట మేడ మీద నా జూడో క్లాసు నుంచి మళ్ళీ మేమే. ఫ్యాను చప్పుడు వినపడితే సర్దుకోండి. మే నెల గుంటూరులో ఫ్యాను ఆపమంటే మా వల్ల కాదు.

తమ్ముడు: ఈ వారం టాపిక్ నాది. కరాటే, జూడో నుంచి రీసెర్చ్ పేపర్లు రాసేవాళ్ళు ఏం నేర్చుకోవచ్చు. మూడు పాయింట్లు రాసుకొచ్చాను.

అక్క: సమోసా సార్ లాగా పీపీటీ తెరవవు కదా?

తమ్ముడు: (నవ్వు) ఆయన వింటాడక్కా. సరే, ఒకటి, కటా, అంటే ఒంటరిగా చేసే కదలికల వరస. రోజూ అదే వరస చేసినట్టు రోజూ కాసేపు రాయాలి.

అక్క: రోజూ రాయమని అందరూ చెప్తారు. ముందుకెళ్ళు.

తమ్ముడు: రెండు, కుమితే, అంటే ఎదురెదురుగా తలపడటం. పేపరు పంపే ముందే ల్యాబులో ఎవడో ఒకడు చదివి దాన్ని ఏకి పెట్టాలి. మిరపకు పట్టే నల్ల తామర పురుగు మీద నా పేపరు...

అక్క: వచ్చేసింది పురుగు! డబ్బాలో పది రూపాయలు వెయ్యి.

తమ్ముడు: వేస్తాలే. మూడు, బెల్టులు. వేల ఏళ్ళ సంప్రదాయం. తెల్ల బెల్టు ఏళ్ళ తరబడి మాసి మాసి నల్లబడి...

అక్క: ఆగాగు. ఎవరు చెప్పార్రా నీకు?

తమ్ముడు: మా మేనల్లుడి క్లాసులో మాస్టరే చెప్పాడు.

అక్క: కట్టుకథ. జిగోరో కానో టోక్యోలో కొడోకాన్ పెట్టింది 1882లో. డాన్ మెట్లు, అంటే నల్ల బెల్టులోని స్థాయిలు, ఆయన తెచ్చినవే, అవీ గో అనే బల్ల ఆట ఆడేవాళ్ళ దగ్గర నుంచి. పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగులు జూడో యూరప్ వెళ్ళాక పుట్టాయి. కరాటేలో అయితే, జపాన్‌లో దాన్ని నేర్పిన ఫునాకోషి మొదటిసారి నల్ల బెల్టులు ఇచ్చింది 1924లో. మన ఏసీ కాలేజీ 1885ది. దానికంటే చిన్నది నీ వేల ఏళ్ళ సంప్రదాయం.

తమ్ముడు: అయితే ఇంకా ఘోరం. పాతదీ కాదు, పవిత్రమూ కాదు. మరి మూణ్ణెల్లకో పరీక్ష, పరీక్షకో ఫీజు ఎందుకు? మావాడు యూకేజీ. బూటు లేసు కట్టుకోవడం రాదు, నడుముకి ఆరెంజ్ బెల్టు.

అక్క: నన్నంటున్నావా?

తమ్ముడు: నీ పేరు తీయలేదే.

అక్క: ఫీజు నేనూ తీసుకుంటా. ఈ హాలు అద్దె ఎవరిస్తారు? కానీ పోయిన పరీక్షలో ఇద్దరిని ఆపేశాను. ఒక పాప వాళ్ళ నాన్న ఆ మెట్ల దగ్గరే నిలబడి, "డబ్బు కట్టాం కదా మేడమ్" అన్నాడు. మర్నాడే వేరే క్లాసులో చేర్పించాడు. నెల తిరక్కుండా బెల్టు వచ్చింది. ఆ పిల్లకి వెనక్కి పడటమంటే ఇప్పటికీ భయమే.

తమ్ముడు: డబ్బు తీసుకుని పేపర్లు వేసే జర్నళ్ళ నుంచి నాకు వాట్సాప్‌లో వచ్చేవీ ఇలాంటివే. "మూడు రోజుల్లో యాక్సెప్టెన్స్, జర్నల్‌కి ఐఎస్ఎస్ఎన్ నంబరు ఉంది, సర్టిఫికెట్ ఫ్రీ."

అక్క: డబ్బు కట్టాం కదా మేడమ్!

తమ్ముడు: పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చే ముందు పేపరు వేసి తీరాలన్న రూలు యూజీసీ 2022లోనే తీసేసింది. మంచి జర్నళ్ళివీ అని తను వేసిన కేర్ లిస్టుని 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది. అయినా ఇంటర్వ్యూకి వెళ్తే "ఎన్ని పేపర్లు?" అనే అడుగుతారు. ఏం రాశావని ఒక్కరూ అడగరు. అందుకే అంటున్నా, బెల్టులన్నీ తీసేస్తే పోయేదేముంది?

అక్క: పోతుంది. కొత్తగా వచ్చినవాణ్ణి ఎవరికి జోడీ కట్టాలో నాకు చూడగానే తెలియాలి. లేకపోతే ఎముకలు విరుగుతాయి. బెల్టు నాకు పనిముట్టు, వాళ్ళ నాన్నకు ఫొటో.

తమ్ముడు: నేనడిగినదానికి అది జవాబు కాదు.

అక్క: కాకపోతే పో.

(కాసేపు ఫ్యాను చప్పుడే.)

అక్క: టీ తాగు, చల్లారిపోతోంది. ఇంతకీ జర్నల్ తరఫున నీ పేపరు చదివి తప్పులు పట్టే ఆ రెండో రివ్యూయర్ ఏమన్నాడు? పది రూపాయలు నేను వేస్తాలే.

తమ్ముడు: మేజర్ రివిజన్, అంటే పెద్ద మార్పులు చేసి మళ్ళీ పంపమని. మిరప పూలు తెల్ల కాగితం మీద తట్టి పురుగుల్ని లెక్కపెట్టారా, విప్పి చూశారా, మొక్కకి ఎన్ని పూలు తీసుకున్నారు అని. పైగా రెండు మండలాల్లో చూసి రాష్ట్రమంతా ఇంతేనని ఎలా అంటారట.

అక్క: నేల విడిచి సాము చేయొద్దంటున్నాడు. సరిగ్గానే అడిగాడు.

తమ్ముడు: సరిగ్గా అడిగినా మండుతుంది కదక్కా. 2021లో ఆ పురుగు పడితే ఇక్కడ రైతులు తోటలకు తోటలు పీకేశారు. అది కళ్ళారా చూసి రాసినవాణ్ణి పట్టుకుని, పువ్వు ఎలా తట్టావంటాడు!

అక్క: జూడోలో ముందు ఉకెమి నేర్పేది అందుకే. పడటం. వెనక్కి పడేటప్పుడు గడ్డం గుండెకు ఆనాలి, చూపు బెల్టు ముడి మీద ఉండాలి, అరచేతి నుంచి మోచేతి దాకా చెయ్యంతా ఒక్కసారి మ్యాట్‌ని కొట్టాలి. కొత్తవాళ్ళేమో చెయ్యి వెనక్కి పెట్టి ఆపుకోబోతారు. మణికట్టు పోతుంది. నువ్వు రాసిన జవాబు చూశాను. మొదటి పేరా అంతా చెయ్యి వెనక్కి పెట్టడమే. "రివ్యూయర్ గారు మా పనిని అర్థం చేసుకోలేదు" అట.

తమ్ముడు: చేసుకోలేదు మరి!

అక్క: ఆ లైను కొట్టెయ్. ఆయన ప్రశ్న ఉన్నదున్నట్టు పెట్టి, కింద నీ జవాబు, ఏ పేజీలో ఏ లైను మార్చావో రాయి. ఒప్పుకోనివి ఉంటే కారణం చెప్పు, రెండు వాక్యాల్లో. రాష్ట్రమంతా అన్నది ఆ రెండు మండలాలకు కుదించు.

తమ్ముడు: మా గైడ్ ఒప్పుకోడు. టైటిల్లోనే ఆంధ్రప్రదేశ్ ఉంది.

అక్క: అందులో ముందు ఎవరి పేరుంది, నీదా ఆయనదా?

తమ్ముడు: అది వద్దక్కా. ఎడిటింగులో తీసెయ్.

(మెట్ల మీద పిల్లల అరుపులు.)

అక్క: ఐదింటి బ్యాచ్ వచ్చేసింది. చెప్పులు కిందే విప్పండ్రా! నువ్వు మైకు తీసి మ్యాట్లు పరువు.

తమ్ముడు: కటా గురించి నేనింకా చెప్పనే లేదు.

అక్క: వచ్చే వారం.

తమ్ముడు: వచ్చే వారం తెనాలిలో పెళ్ళి అన్నావు.

అక్క: ఆ పెళ్ళికి నువ్వూ వస్తున్నావు.

తమ్ముడు: నన్నెవరు పిలిచారు?