పేపరు ముందా, పేటెంటు ముందా: ఒడిశా జయపురం ఉగాది సభలో చెప్పిన మాటలు

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు ఉగాది శుభాకాంక్షలు. వేదిక మీద ఉన్నవాళ్లందరినీ పేరుపేరునా పలకరించాలి గానీ భోజనాల వేళ అవుతోంది, మన్నించండి.

బయోటెక్నాలజీలో ఉద్యోగాల గురించి మాట్లాడమన్నారు. ఏడేళ్లు ల్యాబ్‌లో పనిచేశాను, తర్వాత పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాసి అటు వెళ్లాను. పేటెంటంటే కొత్తగా కనిపెట్టినదాని మీద కొన్నేళ్లు కనిపెట్టినవాళ్లకే ఉండే హక్కు, దాని దరఖాస్తులు రాసిపెట్టడం ఏజెంటు పని. ఎందుకు మారావని అందరూ అడుగుతారు. అది చెప్పకుండా మిగతాది చెప్పలేను.

మా పొలం గట్టు మన్ను ఒక సంచిలో కట్టుకుని, కిరండూల్ ప్యాసింజర్‌లో ఒళ్లో పెట్టుకుని విశాఖ తీసుకెళ్లాను. ఆ మన్నులో దొరికిన ఒక బాక్టీరియాని వరికి అగ్గి తెగులు తెచ్చే బూజు పక్కన పెంచితే, బూజు ప్లేటంతా పాకి దీని దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది, చుట్టూ గోరంత ఖాళీ. ఆ ప్లేటు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో! దాన్ని పొడిగా నిలవచేసే పద్ధతి కూడా కనిపెట్టాం. గైడ్ గారు పరిశోధన పేపరు రాసి పత్రికకి పంపేయమన్నారు, పంపేశాం. పద్నాలుగు నెలల తర్వాత పేటెంటు మాట ఎత్తితే, అచ్చయిపోయింది కదా, ఇక కొత్తది కాదన్నారు. అచ్చేసుకున్నది మేమే, అయినా అంతే. ముందు దరఖాస్తు, తర్వాత పేపరు అని మాకు ఒక్కరూ చెప్పలేదు. సైన్స్ చదివే పిల్లలూ, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ముందు దరఖాస్తు!

ముందే అచ్చయి ఉండటం ఇంకోచోట మనల్ని కాపాడింది కూడా. 1995లో పసుపు గాయాలు మానుస్తుందని అమెరికాలో పేటెంటు ఇచ్చేశారు. మన సీఎస్ఐఆర్, అంటే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ వాళ్లు, సవాలు చేశారు. మా అమ్మమ్మ పూసేదండీ అంటే అక్కడ వినరు, కాగితం కావాలి. పాత సంస్కృత గ్రంథం, 1953లో మన వైద్యుల పత్రికలో వచ్చిన వ్యాసం చూపిస్తే, ఇది కొత్తది కాదని 1997లో రద్దు చేశారు.

ఇప్పుడు మన సంగతి. వరి పుట్టి పెరిగిన ప్రాంతాల్లో మన జయపురం సీమ ఒకటని శాస్త్రవేత్తలే అంటారు. పట్రపుట్ గ్రామంలో కమలా పూజారి గారు వంద రకాలకు పైగా విత్తనాలు దాచారు, 2019లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో పోయారు. అదే ఏడు కొరాపుట్ కాలాజీరా బియ్యానికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతానిదని పేరుకిచ్చే గుర్తింపు, వచ్చింది, సంతోషమే. కానీ అది పేరుకి రక్షణ, గింజలోని గుణానికి కాదు. మిగతా రకాల పేర్లు ఎక్కడున్నాయి? ముసలివాళ్ల నోట్లో ఉన్నాయి. ఊళ్లోని మొక్కలు, విత్తనాలు, వాటి గురించి తెలిసిన సంగతులు రాసిపెట్టే జీవవైవిధ్య రిజిస్టర్ పంచాయతీకొకటి ఉండాలని చట్టం చెబుతోంది. మీ పంచాయతీలో ఉందా? ఎప్పుడైనా చూశారా? మన పేటెంటు చట్టం ప్రకారం మన్నైనా గింజైనా ఎక్కడిదో దరఖాస్తులో రాయాలి. ఇక్కడిదేనని చూపడానికి మన దగ్గర రాతంటూ ఉండాలి కదా!

ఉద్యోగాల సంగతి భోజనాల దగ్గర చెబుతాను, బీఎస్సీ, ఎమ్మెస్సీ పిల్లలు నా దగ్గర కూర్చోండి. ముందు వరసలో ఉన్న పెద్దమ్మ గారు ఇందాక ఆరు వడ్ల పేర్లు చెప్పారు, తేదీ వేసి రాసుకున్నాను. ఏడోది, గట్టు మీద పండే ఎర్ర గింజ, పేరు నాలుక మీదే ఉంది రావట్లేదన్నారు. ఎవరికైనా తెలిస్తే చెయ్యెత్తండి, కలం ఇక్కడే ఉంది.