ఫేస్ టు ఫేస్: ఎదురెదురుగా ఉన్నప్పుడు

శ్రోతలకు నమస్కారం.

‘ఫోన్లో వద్దు, ఫేస్ టు ఫేస్ మాట్లాడుకుందాం’ అని ఎవరైనా అంటే చాలామందికి గుండె గుభేలుమంటుంది. ఏదో తేల్చుకోవడానికే పిలుస్తున్నారేమో అనిపిస్తుంది. మన వాడుకలో కలిసిపోయాక ఈ ఇంగ్లిష్ మాటకు కాస్త తగాదా వాసన అంటుకుంది. ‘దమ్ముంటే ఫేస్ టు ఫేస్ రమ్మను’ అనడం వింటూనే ఉంటాం.

ఇంగ్లిష్‌లో మాత్రం ఈ మాటలో కోపమేమీ లేదు. ఇద్దరు ఒకరికొకరు ఎదురుగా ఉన్నారని చెబుతుంది, అంతే. అది స్నేహమో, గొడవో పక్కనున్న క్రియ చెప్పాలి. ‘టాక్’ అనే క్రియ ఉంటే కూర్చుని మాట్లాడుకోవడం, ‘కన్‌ఫ్రంట్’ ఉంటే నిలదీయడం. కాబట్టి పై అధికారి మెయిల్లో ‘లెట్ అజ్ డిస్కస్ దిస్ ఫేస్ టు ఫేస్’ అని రాసినంత మాత్రాన టెన్షన్ పడక్కర్లేదు. ఇది రాతకోతలతో తేలేది కాదు, కూర్చుని మాట్లాడదాం అని దాని భావం.

1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్‌లో ఈ మాట ఎంత ఆత్మీయంగా వస్తుందో చూడండి. మనిషి తన స్నేహితుడితో మాట్లాడినట్టు దేవుడు మోషేతో ఫేస్ టు ఫేస్ మాట్లాడాడని నిర్గమకాండంలో ఉంది. తెలుగు బైబిల్‌లో అక్కడ ‘ముఖాముఖిగా’ అని ఉంటుంది. ముఖాముఖి అన్న మాటకూ ఒక చిత్రమైన వంశం ఉంది. సంస్కృతంలో కేశాకేశి అంటే జుట్టూ జుట్టూ పట్టుకుని కొట్టుకోవడం, దండాదండి అంటే కర్రలతో కలబడటం. అన్నీ కొట్లాట మాటలే. ఆ తీరులోనే ఏర్పడిన ముఖాముఖి మాత్రం మన దగ్గర సాధువుగా మారి, ఇంటర్వ్యూలకు పేరుగా నిలిచింది.

‘ఇన్ పర్సన్’ కూడా ఇదే కదా అని కొందరు అడుగుతారు. దగ్గరిదే కానీ ఒకటి కాదు. ఒక కాగితం తీసుకోవడానికి మీరే స్వయంగా వెళ్లాలంటే అది ఇన్ పర్సన్. అక్కడ మీరు ఉంటే చాలు, ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు. ఫేస్ టు ఫేస్‌కు రెండో మనిషి కావాలి. వేల మంది నిండిన సభలో చివరి వరుస నుంచి ఒక నాయకుణ్ణి చూసినవాళ్లు ‘ఇన్ పర్సన్ చూశాను’ అనవచ్చు. ఆయన ఆగి, వాళ్ల వైపు తిరిగి పలకరిస్తే అప్పుడది ఫేస్ టు ఫేస్.

మరి వీడియో కాల్? ముఖాలు కనిపిస్తాయి కాబట్టి కొందరు దాన్నీ ఫేస్ టు ఫేస్ అంటున్నారు. నాకైతే అది ఒప్పుకోబుద్ధి కాదు. తెర మీద మనం చూసేది ఎదుటివారి కళ్లని, కెమెరా చూసేది వేరే చోటు నుంచి. చూపులు సరిగ్గా కలవవు. అయినా వాడుక అటు జరుగుతోంది. అందుకే పొరపాటుకు తావు లేకుండా చెప్పాలంటే, అందరూ ఒకేచోట చేరే సమావేశాన్ని ఇన్ పర్సన్ అనడమే మేలు.

ఇక వాక్యంలో వాడే తీరు. ‘ఫేస్ విత్ ఫేస్’, ‘ఫేస్ బై ఫేస్’ అనకూడదు. ‘ఎవరితో’ అని చెప్పాల్సి వస్తే మాట మొత్తం అయ్యాక ‘విత్’ చేర్చాలి. నామవాచకానికి ముందు వస్తే, అంటే ‘ఫేస్ టు ఫేస్ మీటింగ్’ లాంటి చోట, మూడు పదాల మధ్యా చిన్న గీతలు పెడతారు. క్రియ తర్వాత వస్తే గీతలు లేకుండా రాయడమే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇంకో వాడుక ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ‘కమ్ ఫేస్ టు ఫేస్ విత్’. ఇక్కడ అవతల మనిషే ఉండాలని లేదు. పులి కావచ్చు, చావు కావచ్చు, ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగిన నిజం కావచ్చు. మనం ‘కష్టాల్ని ఫేస్ చేశాను’ అన్నప్పుడు తట్టుకుని నిలబడ్డామన్న అర్థం వస్తుంది. ఈ వాడుకలో ఆ హామీ లేదు. ఆ కష్టం కళ్లెదుటికి వచ్చి నిలబడింది, అంతవరకే. ఆ మనిషి నిలబడ్డాడో, వెనుదిరిగాడో తర్వాతి వాక్యమే చెప్పాలి.

సెలవు.