మృగశిర ముందు మడుగులో మొసలి: శ్రోతల ఫోన్-ఇన్

(కార్యక్రమ సంగీతం)

వ్యాఖ్యాత: నమస్కారం. మృగశిర కార్తె దగ్గరికొచ్చింది. ఆ రోజు ఇంట్లో చేపల పులుసు ఉడకాల్సిందే కాబట్టి మత్స్యకారులకు ఈ వారం పది రోజులు చేతినిండా పని. నదుల్లో చూస్తేనేమో నీళ్లు అడుగంటి మడుగులు మిగిలాయి. చేపలూ అక్కడే, వలలూ అక్కడే, మొసళ్లూ అక్కడే. అందుకే ఇవాళ ఈ విషయం తీసుకున్నాం. జంతుశాస్త్రం లెక్చరర్‌గా చేసి రిటైరై, విద్యార్థులతో కలిసి ఏళ్ల తరబడి మొసళ్లను లెక్కపెట్టిన సార్ స్టూడియోలో ఉన్నారు. నమస్కారం సార్.

అతిథి: నమస్కారమమ్మా. లెక్కపెట్టానన్నారు గానీ, మేం లెక్కపెట్టింది కళ్లనే. రాత్రి టార్చి వేస్తే మొసలి కన్ను నిప్పుకణికలా మెరుస్తుంది. ఒళ్లంతా కనబడిందంటే ఆ రోజు అదృష్టమే.

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ మక్తల్ వైపు నుంచి. చెప్పండన్నా.

మొదటి శ్రోత: నమస్తే మేడం, నమస్తే సార్. మేం కృష్ణల పుట్టి మీద పోయి వలలేస్తం. మా దిక్కు మొసళ్లు మస్తు పెరిగినయి. పొద్దుగాల పోయి చూస్తే వల చినిగి ఉంటది. మొన్న మా బామ్మర్ది నడుంలోతు నీళ్లల్ల దిగి వల గుంజుతుంటే పక్కన్నే లేసింది సార్. నసీబు మంచిదుండి కాలు పట్టలే, వల పట్టింది.

అతిథి: ఇప్పుడు ఎట్లా ఉన్నాడు?

మొదటి శ్రోత: మంచిగనే ఉన్నడు. గని నీళ్లల్లకు రమ్మంటే వస్తలేడు.

అతిథి: రాకపోతే తిట్టకండి, అతనికే తెలివుంది. చూడన్నా, వల పట్టిందని మీరే అన్నారు కదా. మొసలి దవడల మీద సన్నటి చుక్కలుంటాయి, ఎవరో సూదితో పొడిచినట్టు. నీటిలో చిన్న అల వచ్చినా ఆ చుక్కలకు తెలిసిపోతుంది. వలలో చిక్కిన చేప కొట్టుకుంటుంటే మొసలికి అది భోజనానికి పిలుపు. రాత్రంతా వదిలేసిన వల అంటే వడ్డించి పెట్టిన విస్తరి. ఆ విస్తరి ముందు నడుంలోతు నీళ్లలో నిలబడింది మీ బామ్మర్ది.

మొదటి శ్రోత: మరెట్ల సార్? పగటిపూట వలేస్తే చేప పడదు.

అతిథి: తెలుసు. రాత్రి వేయొద్దంటే మీ ఇంట్లో పొయ్యి వెలగదు, ఆ మాట నేననను. కానీ తీసేటప్పుడు పుట్టిలో కూర్చునే తీయండి, దిగి గుంజొద్దు. బాగా తెల్లారాక తీయండి. ఇద్దరు పొండి. ఒకరు వల గుంజుతుంటే రెండోవాళ్ల పని నీళ్లు చూడటమే. వాళ్లు బీడీ కూడా ముట్టించొద్దు. రోజూ ఒకే చోట, ఒకే వేళకు దిగొద్దు. ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. ఇది వెంటపడి వేటాడే జంతువు కాదు, కాచుకుని కూర్చునే జంతువు. కదలకుండా ఉంటే గంటసేపైనా నీటి అడుగున ఉండగలదు. మీరు ఎప్పుడొస్తారో, ఎక్కడ దిగుతారో నాలుగు రోజులు చూస్తే దానికి చాలు.

మొదటి శ్రోత: అదంత సరే సార్. గా పెద్దదాన్ని పట్టుకపోతే అయిపోతది గద?

అతిథి: ఎక్కడికి పట్టుకుపోతారు?

మొదటి శ్రోత: గదే సార్ నేను జెప్పేది! యాడనో పొలంల దొరికిన మొసలిని తాళ్లు కట్టి ఆటోల తెచ్చి, మా నీళ్లల్లనే ఇడ్సిపోతరు. ఫోటోలు దిగుతరు. సప్పట్లు కొడుతరు. ఆళ్ల పీడ పోయింది, మాకు అంటుకుంది.

వ్యాఖ్యాత: (నవ్వు) అన్న బాధ న్యాయమైనదే సార్.

అతిథి: న్యాయమైనదేనమ్మా. పైగా దానివల్ల పని కూడా జరగదు. ఆస్ట్రేలియాలో పెద్ద ఉప్పునీటి మొసళ్లను మూడింటిని పట్టి, తలకు శాటిలైట్ యంత్రం కట్టి, దూరంగా తీసుకెళ్లి వదిలారు. మూడూ తిరిగొచ్చాయి. అందులో ఒకదాన్ని హెలికాప్టర్‌లో ద్వీపకల్పానికి అవతలి తీరంలో వదిలితే, సముద్రం వెంబడి చుట్టూ తిరిగి 400 కిలోమీటర్లకు పైగా ఈది, 20 రోజుల్లో సొంత ఏట్లోకి వచ్చేసింది. మన నదుల్లో ఉండేది వేరే జాతి, మగ్గర్ అంటారు, మంచినీటి మొసలి. ఇది అంత దూరం పోదనుకోండి. కానీ తెలియని నీళ్లలో వదిలితే అది కుదురుగా ఉండదు. అక్కడి పాత మొసళ్లతో కొట్లాడుతుంది, ఒడ్డెక్కుతుంది, ఇంకో ఊరి చెరువులో తేలుతుంది. మీ మడుగులో ఖాళీ అయిన చోటుకేమో ఇంకోటి వస్తుంది. పోయినదాని గుణం మీకు తెలుసు, వచ్చినదాని గుణం తెలియదు.

వ్యాఖ్యాత: సంగారెడ్డి జిల్లా, మంజీర ఒడ్డు నుంచి ఒకమ్మ లైన్లో ఉన్నారు. చెప్పమ్మా.

రెండో శ్రోత: నమస్తే బిడ్డా. మా ఆయన పడతడు, నేను కోసి అమ్ముతా. పోయినేడు మా మరిదిని మొసలి కరిసింది సార్. పిక్క చీలింది. పట్నం దవాఖానల ఇరవై దినాలున్నం. అప్పయింది. పైసలొస్తయని ఒకరన్నరు, రావని ఒకరన్నరు.

అతిథి: అమ్మా, అటవీ శాఖ వాళ్లకు అప్పుడు చెప్పారా? కాగితం మీద?

రెండో శ్రోత: నోటితోటి చెప్పినం.

అతిథి: నోటి మాట నీటి మూటేనమ్మా. ఆస్పత్రి చీటీలున్నాయి కదా, వాటిలో మొసలి కాటు అని రాశారో లేదో చూడండి. జిరాక్సులు తీసి, సర్పంచి దగ్గరో, సంఘం దగ్గరో ఒక ధ్రువీకరణ రాయించుకుని, రేంజ్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఆలస్యమైందని ఆగిపోవద్దు, అడిగి చూడండి. అడవి జంతువు దాడిలో మనిషి పోతే కేంద్ర పథకాల కింద ఇచ్చే సొమ్మును 2023 చివర్లో 5 లక్షల నుంచి 10 లక్షలు చేశారు. గాయాలకు వేరే లెక్క ఉంటుంది. అది కాక మీ మరిది మత్స్యకార సహకార సంఘంలో సభ్యుడేనా?

రెండో శ్రోత: ఉన్నడు. కార్డున్నది.

అతిథి: అయితే ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమాలో పేరుందా అని అడగండి. ప్రాణం పోయినా, పూర్తిగా వికలాంగుడైనా 5 లక్షలు. పాక్షికంగా అయితే రెండున్నర లక్షలు. ఆస్పత్రి ఖర్చుకు 25 వేల దాకా. పేరు ఎక్కించారో లేదో చాలామందికి ప్రమాదం జరిగాకే తెలుస్తోంది. ఇప్పుడు వింటున్నవాళ్లు రేపే అడగండి.

రెండో శ్రోత: మంచిది సార్.

అతిథి: ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. చేపలు ఎక్కడ కోస్తారు?

రెండో శ్రోత: (కాస్త ఆగి) రేవు కాడనే సార్. నీళ్లుంటయి గద.

అతిథి: పొట్టలు, మొప్పలు?

రెండో శ్రోత: నీళ్లల్లనే ఏస్తం. అందరం గట్లనే ఏస్తం.

అతిథి: ఆ రేవులోనే బట్టలుతుకుతారు, పిల్లలు ఈత కొడతారు.

రెండో శ్రోత: ...ఊ.

అతిథి: మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదమ్మా. ఒడ్డు నుంచి వంద అడుగులు పైకొచ్చి కోయండి. బిందెతో నీళ్లు తెచ్చుకోండి, చెత్త గుంత తీసి పూడ్చండి. నీటి అంచున గొంతుక్కూర్చుని వంగి కడుగుతుంటే నీళ్లలోంచి చూసేదానికి మనిషిలా కనబడం, మేకపిల్లలా కనబడతాం. ఒడిశాలో భితరకనిక అని మడ అడవి ఉంది. అక్కడ ఉప్పునీటి మొసళ్లు 1975లో వంద లోపుండేవి, ఇప్పుడు 1700 దాటాయి. మన మగ్గర్ కన్నా చాలా పెద్దవి, మొండివి. అక్కడ ఏటి రేవుల్లో స్నానానికి దిగే చోట్ల నీళ్లలోకి కంచె కట్టి ఇచ్చారు. మీరు పంచాయతీలో అడగాల్సింది అదీ. మొసలిని తీసుకుపొమ్మని కాదు, మా రేవుకు కంచె కట్టమని.

వ్యాఖ్యాత: కరిచినప్పుడు వెంటనే ఏం చేయాలో కూడా చెప్పండి సార్.

అతిథి: పట్టిందంటే కళ్లలో పొడవాలి, ముక్కు మీద కొట్టాలి. లాక్కుంటే రాదు, అది గిర్రున తిప్పుతుంది. బయటపడ్డాక గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదమాలి, 108కి ఫోన్ చేయాలి. గాయం చిన్నదే కదా అని పసుపు అద్ది ఇంట్లో పడుకోవద్దు. పళ్ల గాట్లు లోతుగా దిగుతాయి, ఏటి నీళ్లలో ఉండే క్రిములు లోపలికి పోతాయి. మొసలి కాటు, ఏటి నీళ్లు అని డాక్టరుకు రెండు మాటలూ చెప్పాలి.

వ్యాఖ్యాత: మాచర్ల నుంచి ఫోన్. చెప్పండి.

మూడో శ్రోత: నమస్కారమండీ. నేను సూటిగా అడుగుతాను. ఈ మొసళ్లను పెంచింది ఎవరండీ? మా ఎత్తిపోతల జలపాతం దగ్గర పెంపక కేంద్రం పెట్టలేదా? పెంచినవాళ్లే తగ్గించాలిగా. అడవి పందిని కాలుస్తున్నారు కదా, దీన్నెందుకు కాల్చకూడదు?

అతిథి: బావుందండీ ప్రశ్న. పెంచారు, నిజమే. తోలు కోసం వేటాడి వేటాడి 1970ల నాటికి దేశంలో మొసళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 1975లో ఐక్యరాజ్యసమితి సాయంతో మొసళ్ల పథకం మొదలుపెట్టారు. గుడ్లు ఏరి తెచ్చి పొదిగించడం, పిల్లల్ని మనిషి చేయంత పొడవు దాటేదాకా పెంచి నదుల్లో వదలడం. హైదరాబాద్‌లోనే దానికి శిక్షణ సంస్థ ఉండేది. మంజీరను 1978లో అభయారణ్యం చేశారు. పథకం ఎంత బాగా నడిచిందంటే, తర్వాత మొసళ్లను పెట్టుకోవడానికి చోటు లేకుండా పోయింది. చెన్నై దగ్గర మొసళ్లను పెంచే మద్రాస్ క్రొకడైల్ బ్యాంకులో మగ్గర్లు మరీ ఎక్కువై, 2022లో వెయ్యింటిని గుజరాత్‌లోని జామ్‌నగర్ పంపడానికి అనుమతి తెచ్చుకున్నారు. నా మటుకు నాకు ఒక్కటే అసంతృప్తి. మొసలిని ఎలా బతికించాలో మాలాంటి చదువుకున్నవాళ్లం బాగా ఆలోచించాం. బతికాక దాని పక్కన వల వేసేవాడి సంగతి అంతగా ఆలోచించలేదు.

మూడో శ్రోత: అదేనండీ నేననేది. కాల్చమంటే ఎందుకు వద్దంటారు?

అతిథి: మొదట చట్టం. మన దేశంలోని మూడు మొసలి జాతులూ, అంటే మగ్గర్, ఉప్పునీటి మొసలి, ఘరియల్, వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉన్నాయి. 2022 సవరణ తర్వాత చంపితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, 25 వేలకు తగ్గకుండా జరిమానా. గుడ్లు పగలగొట్టినా అదే చట్టం. మనిషి ప్రాణానికి ముప్పని తేలిన జంతువు విషయంలో రాష్ట్రంలో వన్యప్రాణులకు పెద్ద అధికారి అయిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వొచ్చు. అదైనా ముందు పట్టడానికే, అది కుదరదని తేలితేనే చంపడానికి.

మూడో శ్రోత: చట్టం సంగతి వదిలేయండి. లెక్క ప్రకారం చెప్పండి.

అతిథి: లెక్కే చెప్తాను. ఆడ మొసలి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు ఒడ్డున గుంత తవ్వి పాతిక ముప్ఫై గుడ్లు పెడుతుంది. ఉడుములు, నక్కలు సగం తింటాయి. పుట్టిన పిల్లల్ని కొంగలు, పెద్ద చేపలు, పెద్ద మొసళ్లు తింటాయి. నూటికి ఒకటో రెండో పెద్దవవుతాయి. అంటే మొసళ్ల సంఖ్యను అదుపులో పెట్టేవాళ్లలో పెద్ద మొసలి ఒకటి. మీరు ముందు కాల్చేది దాన్నే, అదే కదా ఎదురుగా కనబడేది! అది పోతే చిన్నవి ఎక్కువగా బతుకుతాయి.

మూడో శ్రోత: (నవ్వు) అంటే దొంగను పోలీసని చెప్తున్నారు.

అతిథి: ఆ మాటా కాదనను. గుజరాత్‌లో చరోతర్ ప్రాంతానికి పోయి చూడండి. మలాతజ్, దేవా అని ఊళ్లు. చెరువు గట్టు మీద మొసలి ఎండకు పడుకుని ఉంటుంది, అదే చెరువులో గేదెల్ని కడుగుతుంటారు. ఏటా జనవరిలో వాలంటీర్లు కూర్చుని లెక్కపెడతారు. అక్కడా కాట్లు పడతాయి, పడవని చెప్పను. కానీ ఎక్కడ ఎన్నున్నాయో, ఏది పెద్దదో, ఏది ఎక్కడ గుడ్లు పెడుతుందో ఊరికి తెలుసు. మన దగ్గర ముందు ఆ లెక్క జరగాలి. లెక్క లేకుండా పెరిగాయి, తగ్గాయి అని ఎలా అంటాం? నీళ్లు తగ్గి అన్నీ ఒక్క మడుగులో చేరినా పెరిగినట్టే కనబడుతుంది.

వ్యాఖ్యాత: ఇప్పుడు మరీ దూరం నుంచి ఫోన్. ఆస్ట్రేలియాలోని డార్విన్ నుంచి మన తెలుగబ్బాయి, యాప్‌లో వింటున్నారట.

నాలుగో శ్రోత: నమస్తే సార్. ఆస్ట్రేలియా అన్నారని ఫోన్ చేశాను. ఇక్కడ మేం వీకెండ్ బారమండి చేపకు గాలం వేస్తాం. నీటి అంచుకు కనీసం 5 మీటర్ల దూరంలో నిలబడాలని బోర్డులుంటాయి. ఇక్కడైతే చంపుతారు కూడా సార్.

అతిథి: చంపుతారు బాబూ. 1971లో మీ డార్విన్ ఉన్న నార్తర్న్ టెరిటరీలో వేట ఆపేనాటికి మూడు వేలు మిగిలాయంటారు, ఇప్పుడు లక్ష. 2024 ప్రణాళికలో ఏడాదికి 1200 దాకా తీసేయొచ్చని రాసుకున్నారు. అంతమాత్రాన డార్విన్‌లో ఎవరైనా ఏట్లో ఈత కొడుతున్నారా?

నాలుగో శ్రోత: అమ్మో, ఎవరూ దిగరు సార్.

అతిథి: చూశారా. ఏడాదికి 1200 తీసినా ఆ 5 మీటర్ల బోర్డు తీయలేదు. ఇంకో తేడా, మీరు గాలం సరదాకు వేస్తారు, మక్తల్ అన్న పూట గడవడానికి వేస్తాడు. మీకు చెప్పినంత తేలిగ్గా ఆయనకు దూరం జరగమని చెప్పలేను.

వ్యాఖ్యాత: సమయం దగ్గరపడింది, ఇదే చివరి ఫోన్. గద్వాల వైపు నుంచి. హలో?

ఐదో శ్రోత: (పిల్లవాడి గొంతు) మేడం, నాది ఏడో తరగతి. మా నాయినకు వలల మొసలి పిల్లలు దొరికినయి. ఇంటికి తెచ్చినం.

అతిథి: ఎప్పుడు నాన్నా?

ఐదో శ్రోత: పొద్దుగాల. బకెట్ల ఉన్నయి. అరుస్తున్నయి సార్, క్యావ్ క్యావ్ మని.

అతిథి: జాగ్రత్తగా విను. ఆ అరుపు వాళ్లమ్మ కోసం. ఇప్పుడే గుడ్లు పగిలే కాలం. తల్లే గూడు తవ్వి, పిల్లల్ని నోట పెట్టుకుని నీళ్లలోకి దించుతుంది. తండ్రి కూడా కాపలా ఉంటుంది. మీ నాయిన వల వేసిన చోట రెండూ ఉంటాయి, కోపంగా ఉంటాయి. నాయిన ఎక్కడున్నాడు?

ఐదో శ్రోత: మల్ల పోతడంట, ఇంకొన్ని ఉంటయని.

అతిథి: పోవద్దని చెప్పు! ఇప్పుడే, ఫోన్ పట్టుకునే చెప్పు.

ఐదో శ్రోత: (దూరంగా) నాయినా... పోవొద్దంటున్నరు... రేడియో సార్... (దగ్గరగా) ఆగిండు సార్.

అతిథి: మంచిది. బకెట్ నీడలో పెట్టండి, కొంచెమే నీళ్లు ఉంచి మూత వేయండి, గాలి ఆడాలి. మీరే తీసుకుపోయి నీళ్లలో వదలొద్దు. అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి, మేం కూడా ఇక్కడి నుంచి చెప్తాం. ఎక్కడ దొరికాయో చూపించండి. తెలియక తెచ్చారు, భయపడొద్దు. ఎన్ని ఉన్నాయి?

ఐదో శ్రోత: ఆరు సార్. (బకెట్ చప్పుడు) ...ఐదే ఉన్నయి.

వ్యాఖ్యాత: ఆరోది?

ఐదో శ్రోత: అమ్మా! మంచం కింద సూడు!

(లైన్ తెగిపోయింది)