ఆ మడత నాకు తెలుసు

అధ్యక్షులవారికీ, గ్రంథాలయ మిత్రులకూ, వెనక వరసలో కూర్చున్న మా వీధి నేతన్నలకూ నమస్కారం.

పెరూ వెళ్లొచ్చాను కదా, మాచు పిచ్చు గురించి చెప్పమన్నారు. 15వ శతాబ్దంలో ఇంకా జాతివాళ్లు 2,430 మీటర్ల ఎత్తున కట్టిన ఊరది. వాళ్ల రాజధాని కుస్కో నగరం అంతకన్నా పైన, దాదాపు 3,400 మీటర్లు. దిగినరోజు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కుస్కో పైనున్న సాక్సేవామన్ కోట గోడల్లో వంద టన్నులు దాటిన బండలున్నాయి. సున్నం లేదు, రాయికి రాయి ఒరుసుకుని నిలబడింది. 1950 భూకంపంలో కుస్కోలో స్పానిష్‌వాళ్ల మఠం దెబ్బతింటే, దాని అడుగునున్న ఇంకాల కొరికాంచ గుడి గోడలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి.

కానీ అమ్మా, అయ్యా, నన్ను కుస్కో దగ్గరి చించెరో ఊరి అంగడి గురించి చెప్పనివ్వండి.

అక్కడొకామె నాగజెముడు మట్ట మీది తెల్లటి పురుగును గిల్లి అరచేతిలో నలిపింది. చెయ్యంతా ఎరుపు! నిమ్మరసం పిండితే నారింజ రంగుకు తిరిగింది. మన గట్ల మీదుండే నాగజెముడే! ఆమె మగ్గానికి గుంట లేదు. పడుగు, అదే నిలువు పోగులు, ఒక కొస గుంజకి, రెండో కొస నడుముకి. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది. లామా అని ఒంటె జాతి జంతువు, దాని ఎముకతో పేకను, అడ్డం పోగును, కొడుతుంది.

మా బృందంలో ఒకాయన ఆ గుడ్డని సగం ధరకి అడిగాడు. ఆమె మాట్లాడలేదు. గుడ్డని మెల్లగా మడత పెట్టింది.

ఆ మడత నాకు తెలుసు. షావుకారు చీరని వెలుగుకి పట్టి, నేత పలచనైందని కూలి కోస్తే, మా నాన్న అలాగే మడత పెట్టేవాడు. ఇంటికొచ్చి అన్నం ముట్టేవాడు కాదు. ఆసు పోసీ పోసీ, మేకులకి నూలు చుట్టీ చుట్టీ చెయ్యి పైకి లేవని మా అమ్మ, ఎంతిచ్చాడని కూడా అడిగేది కాదు. ఆ మడత మీలో ఎందరు చూశారు? చేతులెత్తండి. చూశారా, అధ్యక్షా, ఎన్ని చేతులో! ఆప్కోలోనో ఎగ్జిబిషన్‌లోనో బేరమాడబోయే ముందు ఈ చేతుల్ని తలుచుకోండి, మీకు దండం పెడతాను.

ఆమె అడిగినంతా ఇచ్చి తెచ్చాను. ఇదిగో, బల్లమీద ఉంది. నేతన్నలు ముందు రండి. నాలుగు వైపులా అంచే, ఎక్కడా కత్తెర పడలేదు. చివరి బెత్తెడులో పడుగు బిగుసుకుపోయాక పేక ఎలా దూర్చిందో, పట్టి చూసి మీరే చెప్పాలి.