పెద్ద ఎస్‌యూవీ కొంటున్నారా? ముందు మూడో వరుసలో కూర్చోండి

నమస్తే అండీ. ఇది కొత్త మోడల్ రివ్యూ కాదు. ఇంట్లో ఆరేడుగురు ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఒక మాట వస్తుంది కదా, "ఎందుకొచ్చిన గొడవ, పెద్ద ఎస్‌యూవీ తీసేసుకుందాం, అందరం ఒకే బండిలో పోవచ్చు" అని. ఇవాళ ఆ మాట సంగతి చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ బండ్ల మీద మనకున్న మోజులో ముప్పాతిక వంతు వాటి ఎత్తు మీద మోజే. వాటితో వచ్చే తలనొప్పులకూ చాలావరకు ఆ ఎత్తే కారణం.

మంచి ముందు చెప్పుకుందాం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మామూలు సెడాన్ ఎక్కడం ఎప్పుడైనా గమనించారా? ముందు తల వంచాలి, తర్వాత నడుము వంచాలి, ఆఖరికి సీట్లో దబ్బున కూలబడాలి. దిగేటప్పుడైతే ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సిందే. అదే సీటు తుంటి ఎత్తులో ఉందనుకోండి, పక్కకు తిరిగి కూర్చుని కాళ్లు లోపలికి పెట్టుకుంటే సరిపోతుంది. పసిపిల్లను చైల్డ్ సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టే తల్లి నడుముకీ ఇదే సుఖం. అయితే లాడర్ ఫ్రేమ్ మీద, అంటే నిచ్చెనలాంటి ఉక్కు చట్రం మీద కట్టిన భారీ బండ్లలో సీటు మరీ పైకి పోతుంది. ఫుట్‌బోర్డు మీద కాలేసి, హ్యాండిల్ పట్టుకుని ఎక్కాలి. అందుకే ఇంట్లో పెద్దవాళ్లున్నవారు బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు వాళ్లను కూడా తీసుకెళ్లండి.

గ్రౌండ్ క్లియరెన్స్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గుంతల రోడ్డు, మట్టి దారి, ఎత్తైన స్పీడ్ బ్రేకర్... అడుగు తగులుతుందేమోనన్న టెన్షన్ ఉండదు. దూరం దాకా కనబడుతుందన్న సంబరం మాత్రం రోజురోజుకీ తగ్గిపోతోంది. 2023లో ప్రపంచవ్యాప్తంగా అమ్ముడైన కార్లలో దాదాపు 48 శాతం ఎస్‌యూవీలేనని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క. అందరూ అరుగెక్కి నిలబడితే ఎవరికి కనబడుతుంది చెప్పండి?

ఇక "పెద్ద బండి కాబట్టి సేఫ్" అనే మాట. ఇందులో నిజం ఉంది, కాదనను. బరువైన బండీ తేలికైన బండీ గుద్దుకుంటే బరువైన దాంట్లో ఉన్నవాళ్లకు తగిలే కుదుపు తక్కువ. అది భౌతికశాస్త్రం. కాకపోతే ఆ తగ్గిన కుదుపు ఎక్కడికీ పోదు, చిన్న కారులో ఉన్నవాళ్ల మీద పడుతుంది. పైగా గోడనో చెట్టునో గుద్దితే మీ బరువు మీకే ఎదురు తిరుగుతుంది. అదే వేగంలో 2,200 కిలోల బండిని ఆపాలంటే, 1,400 కిలోల బండితో పోలిస్తే బ్రేకులు ఒకటిన్నర రెట్లకు పైగా శక్తిని మింగాలి.

బోల్తా పడటం దగ్గరికొద్దాం. దీనికి ఒక సులువైన లెక్క ఉంది. కుడి ఎడమ చక్రాల మధ్య దూరంలో సగం తీసుకుని, నేల నుంచి బండి గరిమనాభి (బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కేసే బిందువు) ఎత్తుతో భాగించాలి. వచ్చిన సంఖ్య ఎంత పెద్దదైతే బండి అంత నిలకడ. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఇచ్చే బోల్తా రేటింగ్‌కు మూలం ఈ లెక్కే. ఎత్తైన బండికి ఈ సంఖ్య తగ్గుతుంది, అంతే. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ వచ్చాక పరిస్థితి చాలా మెరుగైంది. 1995లో మెర్సిడెస్ ఖరీదైన కార్లలో మొదలైన ఈ ఏర్పాటును అమెరికా 2012 మోడల్ నుంచి అన్ని ప్రయాణికుల కార్లకూ తప్పనిసరి చేసింది. బండి పక్కకు జారబోతుంటే ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి దారిలో పెడుతుంది. మీరు చూసే వేరియంట్‌లో ఇది లేకపోతే ఆ బ్రోచర్ అక్కడే మడిచి పెట్టేయండి. సన్‌రూఫ్ లేకపోయినా బతకొచ్చు.

మనం అంతగా మాట్లాడుకోని విషయం ఇంకొకటి ఉంది. ముందున్న ఆ ఎత్తైన బానెట్. ఫొటోల్లో భలే ఠీవిగా ఉంటుంది. డ్రైవర్ సీట్లో కూర్చుని, బంపర్‌కు ఆనుకుని ఒక మూడేళ్ల పిల్లను నిలబెట్టమనండి. ఇంజిన్ ఆపి, తాళం చేతిలో పెట్టుకున్నాకే సుమా. చాలా పెద్ద బండ్లలో ఆ పిల్ల జుట్టు కూడా కనబడదు. రివర్స్ కెమెరా ఉంది కదా అంటారు, అది వెనక్కి. మరి ముందుకి? అమెరికాలోని ఐఐహెచ్‌ఎస్ అనే భద్రతా పరిశోధన సంస్థ 2023లో ఒక అధ్యయనం బయటపెట్టింది. బానెట్ ముందు భాగం 40 అంగుళాలకు మించి ఉన్న బండ్లు గుద్దితే, 30 అంగుళాల లోపు వాలు బానెట్ ఉన్న కార్లతో పోలిస్తే పాదచారి చనిపోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువట. తక్కువ ఎత్తు కారు కాళ్లకు తగిలి మనిషిని బానెట్ మీదికి తోస్తుంది. ఎత్తైనది నేరుగా ఛాతీకో తలకో తగులుతుంది. "కుటుంబం కోసం" అని కొనే బండి కాబట్టి ఈ మాట కాస్త గట్టిగా చెప్తున్నాను. ఇంటి వాకిట్లో తిరిగేది మన పిల్లలే. 360 డిగ్రీల కెమెరా, ముందు సెన్సార్లు ఉన్న వేరియంట్‌కు డబ్బు ఎక్కువ పెట్టినా తప్పు లేదు.

ఇప్పుడు అసలు కథ, మూడో వరుస. ఏడు సీట్లు అని రాసినంత మాత్రాన ఏడుగురు పెద్దవాళ్లు పడతారని కాదు. చాలా ఎస్‌యూవీల్లో వెనక నేల ఎత్తుగా ఉంటుంది, కింద ఇరుసు, సస్పెన్షన్, ఒక్కోసారి స్పేర్ టైరూ ఉంటాయి మరి. సీటు కుషన్ మాత్రం ఆ నేలకు దాదాపు అతుక్కునే ఉంటుంది. కూర్చుంటే మోకాళ్లు గడ్డం దాకా వస్తాయి, తొడల కింద ఆసరా ఉండదు. పైగా వెనక చక్రాల మీద కూర్చున్నట్టే కాబట్టి ప్రతి గుంతా లెక్క తెలుస్తుంది. చిన్న కిటికీ, ఎదురుగా సీటు వీపు. కారు పడని పిల్లలకు అక్కడ వాంతులు రావడంలో ఆశ్చర్యమేముంది? ఏసీ కూడా చూసుకోండి. కొన్నింట్లో వెనక ఉండేది ఉత్త బ్లోయర్, ముందు నుంచి వచ్చిన గాలినే అటు తోస్తుంది. విడిగా కూలింగ్ కాయిల్ ఉందో లేదో అడగండి. పక్క కిటికీల మీదుగా తెరలా విచ్చుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మూడో వరుస దాకా వస్తుందో లేదో కూడా అడగండి, కొన్నింట్లో రెండో వరుసతోనే ఆగిపోతుంది.

సరే, ఏడుగురూ ఎలాగోలా ఎక్కారు. లగేజీ ఎక్కడ? మూడో వరుస నిలబెడితే చాలా బండ్లలో డిక్కీ నాలుగు చేతిసంచులకు సరిపోతే గొప్ప. అప్పుడు చూపు టాప్ మీదికి పోతుంది. ఇందాక చెప్పిన గరిమనాభి లెక్క గుర్తుందా? పైన వేసే ప్రతి కిలో దాన్ని ఇంకా పైకి లాగుతుంది. పైకప్పు మోయగల బరువుకు ఒక హద్దు ఉంటుంది, మాన్యువల్‌లో రాసి ఉంటుంది, ఎవరూ చదవరు.

అక్కడే ఇంకో రెండు అంకెలు ఉంటాయి. బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు ఒకటి, ఖాళీ బండి బరువు ఇంకొకటి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేయండి. 550 కిలోలు మిగిలాయనుకుందాం. ఏడుగురు, తలకు 70 కిలోల చొప్పున 490. మిగిలింది 60 కిలోలు. అంటే నాలుగు సూట్‌కేసులతో లెక్క తీరిపోయింది. అంత పెద్ద బండికి ఇంతేనా అనిపిస్తుంది కదా? హద్దు దాటితే టైర్లు వేడెక్కుతాయి, బ్రేకు వేశాక ఆగే దూరం పెరుగుతుంది. వెనక కుంగి ముందు లేచి, రాత్రిపూట మీ హెడ్‌లైట్లు ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడతాయి. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఫుల్ లోడ్‌కు టైరు గాలి ఎంత పెట్టాలో వేరుగా రాసి ఉంటుంది. ఊరికి బయల్దేరే ముందు కనీసం అది చూడండి.

మైలేజీ సంగతి మీకు తెలిసిందే. ఒక్క మాట మాత్రం చెప్తాను. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే అది నాలుగింతలవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కు వెళ్తే దాదాపు 56 శాతం ఎక్కువ. వెడల్పూ ఎత్తూ ఉన్న బండికి ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. పెద్ద టైర్లు, పెద్ద బ్రేకు ప్యాడ్లు, మార్చాల్సి వచ్చినప్పుడు బిల్లు కూడా పెద్దదే. డీజిల్ అయితే, రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిప్పితే పొగ గొట్టంలోని ఫిల్టర్ మసితో మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్ బురదలోంచి బయటపడేస్తుంది. బ్రేకు వేసినప్పుడు దాని సాయం ఏమీ ఉండదు, ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ బ్రేకులు ఉండనే ఉన్నాయి.

ఏడుగురు నిజంగానే తరచూ తిరిగే ఇల్లయితే నా ఓటు ఎంపీవీకే, అంటే ఎక్కువ మంది కూర్చునేలా వ్యాన్ తరహాలో కట్టిన బండికే. చూపులకు అంత దర్జా ఉండదు, ఒప్పుకుంటాను. కానీ నేల కిందికి ఉంటుంది, మూడో వరుసలో కాళ్లు చాపుకోవచ్చు, జరిపే తలుపులున్న మోడల్ అయితే ఇరుకు పార్కింగ్‌లో పిల్లలు పక్కబండికి తలుపు కొట్టరు. అలా కాకుండా ఇంట్లో నలుగురైదుగురు, దారులు అధ్వానం, సామాను ఎక్కువ, ఎప్పుడో ఒకసారి ఇద్దరు పిల్లలు వెనక కూర్చుంటారు అనుకుంటే, పెద్ద ఎస్‌యూవీ నిక్షేపంగా తీసుకోండి.

షోరూమ్‌లో బండిని ఎప్పుడూ మూడో వరుస మడిచే చూపిస్తారు, డిక్కీ మైదానంలా కనబడాలి కదా. సీట్లు లేపమనండి. రెండో వరుసను మీ ఇంట్లో అందరికంటే పొడుగాయనకు తగ్గట్టు జరిపించండి. ఇంటి నుంచి తెచ్చిన పెద్ద సూట్‌కేసు డిక్కీలో పెట్టి, తలుపు పడుతుందో లేదో చూడండి. తర్వాత టెస్ట్ డ్రైవ్‌కు తాళాలు ఇంకొకరికి ఇచ్చి, మీరు వెనక మూడో వరుసలో కూర్చుని ఒక అరగంట తిరిగి రండి.